క్రోమోజోమ్ ముక్క లేని ప్రయోగశాల చిట్టెలుకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్‌లో కొత్తగా చేరి, ఒక డిలీషన్ కాలనీ బాధ్యత మీద పడ్డవారి కోసం ఈ జవాబులు రాశాం. డిగ్రీ స్థాయి జన్యుశాస్త్రం తెలిస్తే చాలు. వరుసగా చదవాలని లేదు. ఎలుక పిల్లలు ఇప్పటికే పుట్టేసి ఉంటే ముందు జీనోటైపింగ్, బ్రీడింగ్ ప్రశ్నలు చూసుకోండి.

డిలీషన్ స్ట్రెయిన్ అంటే ఏమిటి? నాకౌట్‌కీ దీనికీ తేడా ఏమిటి?

చిట్టెలుకకు 40 క్రోమోజోములు. అందులో 19 జతలు ఆటోసోములు, ఒక జత లింగ క్రోమోజోములు. మొత్తం జీనోమ్ సుమారు 270 కోట్ల బేస్ జతలు. నాకౌట్‌లో ఒక్క జన్యువును పనిచేయకుండా చేస్తాం. డిలీషన్ స్ట్రెయిన్‌లో ఒక జత క్రోమోజోముల్లో ఒకదాని నుంచి ఒక ముక్క మొత్తం పోయి ఉంటుంది. ఆ ముక్క కొన్ని వేల బేసులు కావచ్చు, కొన్ని పదుల లక్షలు కావచ్చు. దానిలోని జన్యువులతో పాటు వాటి మధ్య ఉన్న ఎన్‌హాన్సర్లు, మైక్రోఆర్‌ఎన్‌ఏలు, ఇంప్రింటింగ్‌ను నడిపే చోట్లు కూడా పోతాయి. అందుకే ఈ ఎలుకలో కనిపించిన లక్షణాన్ని ఫలానా జన్యువుకు అంటగట్టే ముందు పదిసార్లు ఆలోచించాలి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క విషయమే.

ఇంకో కాపీ బాగానే ఉంది కదా, అది సరిపోదా?

చాలా జన్యువులకు సరిపోతుంది. కొన్నింటికి సరిపోదు, ప్రొటీన్ సగానికి పడితే అవయవం సరిగా ఏర్పడదు. మనిషి 22వ క్రోమోజోమ్ మీద 22క్యూ11.2 అనే ప్రాంతంలోని టీబీఎక్స్1 అలాంటిది. మరికొన్నిచోట్ల మిగిలిన కాపీలో అప్పటికే ఒక రిసెసివ్ లోపం దాగి ఉంటుంది, కప్పి ఉంచే తోడు పోగానే అది బయటపడుతుంది. ఇక ఇంప్రింటెడ్ జన్యువుల్లో పనిచేసేది తండ్రి కాపీ లేదా తల్లి కాపీ, ఏదో ఒకటే. పోయింది అదే అయితే పూర్తిగా పోయినట్టే.

స్ట్రెయిన్ పేరు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఎలా చదవాలి?

ఒక్క పేరు విడదీసి చూస్తే మిగతావన్నీ వచ్చేస్తాయి. బీ6129ఎస్-డెల్(7ఎస్‌ఎల్‌ఎక్స్1బీ-సెప్ట్1)4ఏఏఎం/జె తీసుకోండి. హైఫన్‌కు ముందున్నది నేపథ్యం: సీ57బీఎల్/6 (కుదించి బీ6), 129 అనే రెండు ప్రయోగశాల స్ట్రెయిన్లు కలిసిన మిశ్రమం. డెల్ అంటే డిలీషన్. బ్రాకెట్లో మొదటి అంకె క్రోమోజోమ్ నంబరు, ఆ తర్వాతి రెండు పేర్లు పోయిన ముక్క రెండు కొసల్లోని జన్యువులు. 4 అంటే ఆ ల్యాబ్ వరుసలో నాలుగోది. ఏఏఎం అనేది కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోని ఆలియా మిల్స్ ల్యాబ్ కోడ్. చివరి జె అంటే జాక్సన్ ల్యాబొరేటరీలో నిర్వహిస్తున్న కాలనీ. ఇది మనుషుల్లోని 16పీ11.2 డిలీషన్‌కు నమూనా.

పాత వ్యాసాల్లో డెల్ బదులు డీఎఫ్ అని ఉంటుంది, డెఫిషియెన్సీకి కుదింపు. డీపీ అంటే డూప్లికేషన్. ఇంకొకటి గుర్తుంచుకోండి: స్ప్రెడ్‌షీట్లు సెప్ట్1ను సెప్టెంబరు 1వ తేదీగా మార్చేస్తుండడంతో ఆ జన్యు కుటుంబం పేరునే సెప్టిన్1 అంటూ మార్చారు. డేటాబేసుల్లో పాత పేరుతో దొరక్కపోతే కొత్త పేరుతో వెతకండి. మీ కాలనీ ఫైల్లో జన్యువు పేరున్న గడి తేదీగా మారిందేమో కూడా ఒకసారి చూసుకోండి.

మొట్టమొదటి డిలీషన్ ఎలుకలు ఎలా వచ్చాయి?

రేడియేషన్ వల్ల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, రేడియేషన్ వారసత్వ కణాలకు, అంటే వీర్యాన్నీ అండాన్నీ ఇచ్చే కణాలకు, ఎంత హాని చేస్తుందో లెక్కగట్టడానికి అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో విలియం రస్సెల్ స్పెసిఫిక్ లోకస్ టెస్ట్‌ను పెద్ద ఎత్తున నడిపారు. ఇంగ్లాండ్‌లోని హార్వెల్‌లోనూ అలాంటి పని సాగింది. పద్ధతి సరళంగా ఉంటుంది. టీ స్టాక్ అనే ఎలుకల్లో కంటికి కనిపించే ఏడు రిసెసివ్ లక్షణాలు ఉంటాయి: నాన్‌అగౌటీ, బ్రౌన్, చించిల్లా, పింక్-ఐడ్ డైల్యూషన్, డైల్యూట్, షార్ట్ ఇయర్, పైబాల్డ్. రేడియేషన్ తగిలిన మామూలు ఎలుకను టీ స్టాక్‌తో జతకడతారు. పిల్లలన్నీ మామూలు రంగులోనే పుట్టాలి. ఏ పిల్లైనా వెలిసిన బొచ్చుతోనో పొట్టి చెవులతోనో పుడితే, ఆ చోట మ్యుటేషన్ జరిగిందన్నమాట.

డైల్యూట్, షార్ట్ ఇయర్ రెండూ 9వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఒకే పిల్లలో బొచ్చు వెలిసి, చెవులు కూడా పొట్టిగా ఉంటే, రెండు విడి మ్యుటేషన్లు ఒకేసారి జరిగాయనుకోవడం కష్టం. మధ్య ముక్కతో సహా రెండూ ఎగిరిపోయాయనుకోవడమే సబబు. డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ లేని కాలంలో, పంజరంలోకి తొంగిచూసి డిలీషన్‌ను పట్టుకున్న తీరు ఇది. లియాన్ రస్సెల్ ఈ ఎలుకలను ఒకదానితో ఒకటి జతకట్టి, ఏ రెండు డిలీషన్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో తేల్చి, ఆ ప్రాంతానికి పటం గీశారు.

అల్బినో డిలీషన్ల గురించి ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు?

ఒక పొరపాటు అంచనా, దాని దిద్దుబాటు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి. 7వ క్రోమోజోమ్ మీద టైరోసినేజ్ జన్యువు పోతే ఎలుక తెల్లగా పుడుతుంది. దాంతోపాటు పొరుగు జన్యువులు కూడా పోయిన సీ14సీఓఎస్ వంటి డిలీషన్లు రెండు కాపీల్లోనూ ఉంటే, పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే చనిపోతాయి. వాటి రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. కాలేయంలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ లాంటి ఎంజైములు అడుగంటుతాయి. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్‌లో సలోమే వెల్ష్ వీటిపై దశాబ్దాలపాటు పనిచేశారు. తగ్గిపోయిన ఎంజైముల జన్యువులు వేరే క్రోమోజోముల మీద ఉన్నాయి. అందువల్ల కాలేయ జన్యువులన్నింటినీ నడిపించే ఒక నియంత్రక జన్యువు ఆ ముక్కలో ఉందని చాలాకాలం భావించారు.

1992, 1993లో విషయం తేలింది. పోయినది ఎఫ్‌ఏహెచ్ అనే మామూలు జీవక్రియ ఎంజైమ్ జన్యువు, టైరోసిన్‌ను విరిచే మార్గంలో చివరి మెట్టు. అది లేకపోతే విషపదార్థాలు కాలేయ కణాల్లో పేరుకుపోతాయి, మిగతా జన్యువుల పని కుప్పకూలుతుంది. మనుషుల్లో టైరోసినీమియా టైప్ 1కు కారణం ఇదే జన్యువు. ఎఫ్‌ఏహెచ్ ఒక్కటే లేని ఎలుకలను నిటిసినోన్ మందుతో బతికించవచ్చు. మనిషి కాలేయ కణాలను ఎలుకలో పెంచే నేటి స్ట్రెయిన్లలో కొన్నింటికి ఆధారం ఈ జన్యువే. ముక్కలో ఏమేం ఉన్నాయో పూర్తిగా తెలియకముందే ఫినోటైప్‌కు కథ అల్లితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

మ్యాపింగ్‌కు డిలీషన్లు ఎలా పనికొస్తాయి?

మీ దగ్గర ఒక రిసెసివ్ మ్యుటేషన్ ఉంది, 7వ క్రోమోజోమ్ మీద ఎక్కడో ఉందని మాత్రమే తెలుసు. దాని క్యారియర్‌ను డిలీషన్ ఎలుకతో జతకట్టండి. మ్యుటేషన్ ఆ ముక్క పరిధిలో ఉంటే నాలుగింట ఒక పిల్లలో లక్షణం బయటపడుతుంది. పరిధికి బయట ఉంటే ఒక్కదానిలోనూ రాదు. 20 పిల్లల్లో ఒక్కదానికీ రాకపోతే, మ్యుటేషన్ లోపలే ఉండి కూడా కేవలం యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం వెయ్యింట మూడు. ఒకదానిమీద ఒకటి కొంత కొంత పడే నాలుగైదు డిలీషన్లుంటే, వరుసగా జతకట్టి పరిధిని కుదించుకుంటూ పోవచ్చు.

జాగ్రత్త ఒకటి. మ్యుటేషన్ ప్రాణాంతకమైతే ఆ పిల్లలు పుట్టనే పుట్టవు. "లక్షణం ఎవరికీ రాలేదు" అనిపిస్తుంది. కాబట్టి పుట్టిన పిల్లలన్నింటికీ జీనోటైప్ చేసి, ఏ వర్గం లేకుండా పోయిందో చూడాలి.

క్రీ-లాక్స్‌పీతో డిలీషన్ చేయడం ఎలా?

లాక్స్‌పీ అనేది ఒక చిన్న డీఎన్‌ఏ గుర్తు, క్రీ అలాంటి రెండు గుర్తులను కలిపే ఎంజైమ్. ఈ పద్ధతిని 1995లో ఆలన్ బ్రాడ్లీ బృందం ప్రచురించింది. హెచ్‌పీఆర్‌టీ జన్యువు పనిచేయని ఏబీ2.2 వంటి ఈఎస్ కణాలతో (పిండ మూలకణాలతో) మొదలవుతుంది. ముక్క ఒక కొసలో లాక్స్‌పీ, హెచ్‌పీఆర్‌టీ ముందు సగం, నియోమైసిన్ నిరోధక జన్యువు పెడతారు. కోటి కణాలకు సుమారు 25 మైక్రోగ్రాముల వెక్టర్‌తో ఎలక్ట్రోపొరేషన్ చేసి, మిల్లీలీటరుకు 180 మైక్రోగ్రాముల జీ418తో ఎంపిక చేస్తారు. రెండో కొసలో లాక్స్‌పీ, హెచ్‌పీఆర్‌టీ వెనుక సగం, ప్యూరోమైసిన్ నిరోధక జన్యువు వెళ్తాయి. దీనికి ఎంపిక మిల్లీలీటరుకు 3 మైక్రోగ్రాముల ప్యూరోమైసిన్‌తో. ఈ మోతాదులు ఏబీ2.2కు సరిపోయేవి. మీ కణాలకు, మీ మందు బ్యాచ్‌కు ముందుగా కిల్ కర్వ్ (ఏ మోతాదుకు కణాలు చస్తాయో చూపే గ్రాఫ్) వేసుకోవాలి.

ఆ తర్వాత క్రీ ప్లాస్మిడ్‌ను తాత్కాలికంగా ఎక్కిస్తారు. రెండు లాక్స్‌పీలు కలిసినప్పుడు హెచ్‌పీఆర్‌టీ రెండు సగాలూ అతుక్కుని పనిచేసే జన్యువు అవుతుంది. మధ్యలోని ముక్క బయటికి పోతుంది. రెండు రోజులయ్యాక హ్యాట్ మీడియం (హెచ్‌పీఆర్‌టీ పనిచేసే కణాలే ఇందులో బతుకుతాయి) మొదలుపెట్టి ఓ వారం ఉంచి, రెండు రోజులు హెచ్‌టీ మీడియంలో (అమైనోప్టెరిన్ లేని హ్యాట్‌లో) పెట్టి, ఆ తర్వాత మామూలు మీడియంకు మారుస్తారు. హెచ్‌టీ దశ దాటేసి నేరుగా మామూలు మీడియంకు మారిస్తే, కణాల్లో ఇంకా మిగిలి ఉన్న అమైనోప్టెరిన్ వల్ల మంచి క్లోన్లు కూడా చచ్చిపోతాయి.

ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండో వెక్టర్ అదే క్రోమోజోమ్ మీదికి వెళ్లిందా, జతలోని రెండోదాని మీదికి వెళ్లిందా అన్నది ముందుగా తెలియదు. ఒకే క్రోమోజోమ్ మీద ఉంటే వచ్చేది శుద్ధమైన డిలీషన్. ఆ క్లోన్లు హ్యాట్‌లో బతికి, జీ418లోనూ ప్యూరోమైసిన్‌లోనూ చచ్చిపోతాయి. వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటే ఒకదానిపై డిలీషన్, మరోదానిపై డూప్లికేషన్ వస్తాయి, ఆ క్లోన్లు మూడింటిలోనూ బతుకుతాయి. లాక్స్‌పీలు ఎదురెదురు దిశల్లో ఉంటే డిలీషన్ బదులు ఇన్వర్షన్ వస్తుంది.

ఫిష్ (మెరిసే ప్రోబ్‌లతో క్రోమోజోములను చూసే పరీక్ష) చేయకుండా ఏ క్లోన్‌నూ బ్లాస్టోసిస్ట్‌లోకి, అంటే తొలి దశ పిండంలోకి, పంపవద్దు. ముక్క లోపలి బీఏసీ (పెద్ద డీఎన్‌ఏ తునక) ప్రోబ్‌కు ఎరుపు, అదే క్రోమోజోమ్ మీద దూరంగా ఉన్న ప్రోబ్‌కు ఆకుపచ్చ రంగు వేయండి. డిలీషన్ ఉన్న మెటాఫేజ్‌లో ఆకుపచ్చ చుక్కల జతలు రెండు క్రోమోజోముల మీదా కనిపిస్తాయి, ఎరుపు ఒకదాని మీదే ఉంటుంది. ఎరుపు లేని క్రోమోజోమ్‌కు తోడు రెండోదానిపై ఎరుపు మామూలుకన్నా లావుగా, జంటగా మెరుస్తుంటే అది డిలీషన్-డూప్లికేషన్ క్లోన్. అదే స్లైడ్‌లో క్రోమోజోములు లెక్కపెట్టండి. 8వ క్రోమోజోమ్ మూడు కాపీలయిన ఈఎస్ కణాలు వేగంగా పెరిగి ప్లేటును ఆక్రమిస్తాయి కానీ వారసత్వ కణాల్లోకి సరిగా వెళ్లవు. బొచ్చు చూస్తే మంచి కైమీరాయే (ఈఎస్ కణాలు, పిండం కణాలు కలిసిన ఎలుకే) అనిపించి, నెలలు గడిచినా ఒక్క అగౌటీ పిల్ల (ఈఎస్ కణాల బొచ్చు రంగు వచ్చిన పిల్ల) కూడా పుట్టకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు క్రిస్పర్ ఉంది కదా, ఇంత శ్రమ దేనికి?

నిజమే, చాలా ల్యాబులు అటే మళ్లాయి. రెండు కొసల్లో కోయాల్సిన చోటు చూపే రెండు గైడ్లు పెట్టి ఈఎస్ కణాల్లో గానీ, నేరుగా జైగోట్లలో గానీ కోస్తారు. పది లక్షల బేసులకు మించిన డిలీషన్లు కూడా రెండు విధాలా వచ్చాయి. సమయం బాగా కలిసొస్తుంది. అయితే కొన్ని చిక్కులున్నాయి. కోసిన ముక్క బయటికి పోవచ్చు, తిరగబడి అతుక్కోవచ్చు, రెట్టింపు కావచ్చు. జైగోట్ నుంచి పుట్టిన ఫౌండర్ (లైన్‌కు మొదటి ఎలుక) తరచుగా మొజాయిక్, అంటే తోకలో ఒకటి, వృషణంలో మరొకటి ఉండొచ్చు. కోసిన కొసలు కలిసిన అతుకు ప్రతి ఫౌండర్‌లో కొన్ని బేసుల తేడాతో ఉంటుంది. కాబట్టి ప్రతి ఫౌండర్‌నూ విడి లైన్‌గా చూడండి, వైల్డ్‌టైప్‌తో జతకట్టి ఎఫ్1 పిల్లలో అతుకును సీక్వెన్స్ చేయండి. అతుకు మీదుగా పీసీఆర్ బ్యాండ్ వచ్చినంత మాత్రాన ముక్క జీనోమ్‌లో మరోచోట అతుక్కోలేదని చెప్పలేం. కాపీ నంబరు కూడా కొలవాల్సిందే. కనీసం రెండు స్వతంత్ర లైన్లలో ఒకే ఫినోటైప్ కనిపించేదాకా మేమైతే దాన్ని నమ్మం.

మనుషుల డిలీషన్ సిండ్రోములకు ఏ ఎలుకలు ఉన్నాయి?

ఎక్కువ పని జరిగింది 22క్యూ11.2 మీద. డైజార్జ్ సిండ్రోమ్ వచ్చేది ఇక్కడి డిలీషన్ వల్లే. ఎక్కువమంది రోగుల్లో సుమారు 30 లక్షల బేసులు పోతాయి, కొందరిలో 15 లక్షలు. ఎలుకలో దీనికి సాటి ప్రాంతం 16వ క్రోమోజోమ్ మీద ఉంది. జన్యువుల వరుస కొంత మారింది, ఒకటి రెండు జన్యువులు తేడా, మిగతావన్నీ అక్కడే ఉన్నాయి. 1999లో వచ్చిన డీఎఫ్1 ఎలుకల్లో బృహద్ధమని వంపు లోపాలు కనిపించాయి. అదే ముక్క రెట్టింపుగా ఉన్న క్రోమోజోమ్‌ను జత చేస్తే గుండె మామూలుగా ఏర్పడింది. దాంతో కారణం జన్యువుల మోతాదే అని తేలింది. 2001లో టీబీఎక్స్1 పేరు బయటికి వచ్చింది. డీఎఫ్1తో పనిచేసేవారు తెలుసుకోవాల్సిన సంగతి: నాలుగో ఆర్చ్ ధమని లోపం 10.5 రోజుల పిండాల్లో ఎక్కువ శాతంలో కనిపిస్తుంది, పుట్టే నాటికి కొన్నింటిలో సర్దుకుంటుంది. ఏ రోజున చూశారో రాయకపోతే మీ శాతాన్ని ఇంకొకరి శాతంతో పోల్చలేరు. మెదడు, ప్రవర్తన అధ్యయనాలకు ఎల్‌జీడెల్, డీఎఫ్(16)ఏ లైన్లు ఎక్కువగా వాడతారు. కొసలు కాస్త వేరు కాబట్టి ఒకదాని ఫలితం మరోదానిలో అచ్చంగా రావాలని లేదు.

16పీ11.2లో సుమారు 6 లక్షల బేసులు పోతాయి. ఎలుకలో సాటి ప్రాంతం 7వ క్రోమోజోమ్ మీద ఉంది. దీనికి కనీసం మూడు ల్యాబులు విడివిడిగా లైన్లు చేశాయి. విలియమ్స్ సిండ్రోమ్ ప్రాంతం 5వ క్రోమోజోమ్ మీద, స్మిత్-మజెనిస్ 11వ దాని మీద, ప్రేడర్-విల్లీ, ఏంజెల్మన్ 7వ దాని మీద ఉన్నాయి. 1క్యూ21.1కు, 15క్యూ13.3కు కూడా లైన్లు ఉన్నాయి.

తల్లి నుంచి వచ్చినా తండ్రి నుంచి వచ్చినా ఒకటేనా?

ఇంప్రింటెడ్ ప్రాంతమైతే ఒకటి కాదు. 17వ క్రోమోజోమ్ మీది హెయిర్‌పిన్ టెయిల్ డిలీషన్ తండ్రి నుంచి వస్తే పిల్ల పొట్టి తోకతో బతికేస్తుంది. తల్లి నుంచి వస్తే పుట్టకముందే చనిపోతుంది. తల్లి కాపీ నుంచే పనిచేసే ఐజీఎఫ్2ఆర్ జన్యువు ఆ ముక్కలో ఉండడమే ఇందుకు కారణం. ప్రేడర్-విల్లీ ప్రాంతంలో ఇది తిరగబడుతుంది, లక్షణాలు తండ్రి నుంచి వచ్చినప్పుడే కనిపిస్తాయి. ఇలాంటి లైన్‌ను నిలబెట్టాలంటే లక్షణం రాని వైపు నుంచి నడపండి, ప్రయోగానికి కావలసిన పిల్లలకు మాత్రం వైపు మార్చండి. ఏ ప్రాంతమైనా సరే, పంజరం కార్డు మీద డిలీషన్ తల్లిదా తండ్రిదా అన్నది రాసే అలవాటు చేసుకోండి.

జీనోటైపింగ్ ఎలా? బ్యాండ్లు ఎందుకు మోసం చేస్తాయి?

చెవి పంచ్ గానీ, 2 మిల్లీమీటర్ల తోక కొస గానీ చాలు. ట్యూబులో 25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 0.2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ద్రావణం 75 మైక్రోలీటర్లు పోసి, 95 డిగ్రీల దగ్గర 30 నిమిషాల నుంచి గంట ఉంచండి. చల్లారాక 40 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 5, మరో 75 మైక్రోలీటర్లు కలపండి. 20 మైక్రోలీటర్ల పీసీఆర్‌కు ఇందులో 1 మైక్రోలీటరు సరిపోతుంది. బ్యాండ్ రాలేదని 5 మైక్రోలీటర్లు పోస్తే మరింత చెడుతుంది, లైసేట్‌లోని మలినాలు పాలిమరేజ్‌ను ఆపేస్తాయి. అలాంటప్పుడు పదింతలు పలచన చేసి చూడండి.

మూడు ప్రైమర్ల ఏర్పాటు మంచిది. ఎడమ అంచుకు బయట ఒకటి, కుడి అంచుకు బయట ఒకటి, లోపల ఎడమ అంచు దగ్గర ఒకటి. మామూలు క్రోమోజోమ్ మీద బయటి రెండు ప్రైమర్లు లక్షల బేసుల దూరంలో ఉంటాయి కాబట్టి వాటి మధ్య బ్యాండ్ రాదు. డిలీషన్ ఉంటేనే దగ్గరికొచ్చి బ్యాండ్ ఇస్తాయి. హెట్, అంటే ఒక కాపీలో డిలీషన్ ఉన్న ఎలుకకు రెండు బ్యాండ్లు, వైల్డ్‌టైప్‌కు ఒకటే. డిలీషన్ బ్యాండ్ ఒక్కటే కనిపించిందంటే, రెండు కాపీలూ పోయిన పిల్ల బతకదని తెలిసిన లైన్లో అది అసాధ్యం. చిన్న బ్యాండ్ పోటీలో గెలిచి పెద్దదాన్ని మింగేసిందన్నమాట. రెండు బ్యాండ్ల పరిమాణాలు దగ్గరగా, 200 నుంచి 500 బేసుల మధ్య ఉండేలా ప్రైమర్లు దిద్దుకోండి. ప్రతి జెల్‌లో తెలిసిన హెట్, తెలిసిన వైల్డ్‌టైప్, నీళ్లు, మూడూ ఉండాలి.

అతుకు సీక్వెన్స్ తెలియని పాత రేడియేషన్ లైన్లకు క్యూపీసీఆర్ (డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పీసీఆర్) దారి. ముక్క లోపలి ప్రైమర్లు, వేరే క్రోమోజోమ్ మీది రిఫరెన్స్ ప్రైమర్లు, ప్రతి శాంపిల్ మూడేసి బావుల్లో. సగం కాపీ అంటే ఒక్క సైకిల్ తేడా మాత్రమే. పైన చెప్పిన ముతక లైసేట్‌తో అంత చిన్న తేడా తేల్చడం కష్టం, శుభ్రం చేసిన డీఎన్‌ఏ వాడండి.

బ్రీడింగ్ ఎలా నడపాలి? ఎన్ని ఈతలు కావాలి?

హెట్‌ను వైల్డ్‌టైప్‌తో జతకట్టండి. హెట్‌ను హెట్‌తో జతకడితే నాలుగో వంతు పిల్లలకు ఆ ముక్క అసలే ఉండదు, అవి చాలా లైన్లలో పిండ దశలోనే పోతాయి. ఈత చిన్నదవుతుంది, జంతువులు వృథా. వీలైతే మగదాన్నే హెట్‌గా పెట్టండి. తల్లి బలహీనంగా ఉంటే దాని కింద పెరిగిన పిల్లల తేడా జన్యువుదా, పెంపకానిదా అని తేల్చలేరు.

లెక్క ఇలా వేయండి. ఈతకు 6 పిల్లలు అనుకుంటే 3 హెట్, అందులో మగవి ఒకటిన్నర. ప్రయోగానికి 15 మగ హెట్లు కావాలంటే 10 ఈతలు కావాలి. 16పీ11.2 లైన్లో హెట్ పిల్లల్లో సగందాకా తొలి రోజుల్లోనే పోతాయి కాబట్టి అదే సంఖ్యకు 20 ఈతలు. ఈ నష్టం శుద్ధ సీ57బీఎల్/6 నేపథ్యంలో మరీ ఎక్కువ, అందుకే ఆ లైన్‌ను మిశ్రమ నేపథ్యంలో ఉంచుతారు. పుట్టిన రోజు, 3వ రోజు, 21వ రోజు పిల్లల్ని లెక్కపెట్టి రాయండి. చనిపోయిన పిల్ల కనిపిస్తే పారేయకుండా తోక ముక్క తీసుకుని జీనోటైప్ చేయండి, తల్లి తినేస్తే ఆ సమాచారం పోయినట్టే. బక్కచిక్కిన హెట్లను 21వ రోజునే విడదీయకుండా 28వ రోజుదాకా తల్లి దగ్గరే ఉంచి, గిన్నెలో నానబెట్టిన మేత పెడితే చాలావరకు నిలదొక్కుకుంటాయి.

పది తరాలు బ్యాక్‌క్రాస్ చేశాం. నేపథ్యం శుద్ధమైనట్టేనా?

మిగతా క్రోమోజోముల మటుకు, అవును, 99.9 శాతం. డిలీషన్ ఉన్న క్రోమోజోమ్ మీద మాత్రం కాదు. పదో తరంలోనూ ముక్కకు రెండు వైపులా కలిపి సగటున 20 సెంటీమోర్గాన్ల 129 డీఎన్‌ఏ (ఈఎస్ కణాలిచ్చిన స్ట్రెయిన్‌ది) వేలాడుతూ ఉంటుంది. ఎలుకలో ఒక సెంటీమోర్గాన్ అంటే సుమారు 20 లక్షల బేసులు, అంటే మొత్తం 4 కోట్ల బేసులు. మీ డిలీషన్ 10 లక్షలదైతే, దాని పక్కన నలభై రెట్ల పరాయి డీఎన్‌ఏ ఉందన్నమాట. ఎస్‌ఎన్‌పీ (ఒక్క బేసు తేడా) మార్కర్లతో అంచుల దగ్గర రికాంబినేషన్ జరిగిన పిల్లల్ని ఏరుకుంటే ఐదారు తరాల్లో ఇంతకంటే శుభ్రంగా వస్తుంది.

మామూలుగా వాడే స్ట్రెయిన్లలోనే దాగిన డిలీషన్లున్నాయన్నది చాలామందికి తెలియదు. సీ57బీఎల్/6జెలో ఎన్‌ఎన్‌టీ జన్యువులో ఐదు ఎక్సాన్లు లేవు, గ్లూకోజ్ మీద పనిచేసేవారికి ఇది ముఖ్యం. సీ57బీఎల్/6ఎన్ ఉపస్ట్రెయిన్లో సీఆర్‌బీ1లో ఒక బేసు పోయి కంటి రెటీనా దెబ్బతింటుంది. 129 స్ట్రెయిన్లలో డిస్క్1లో 25 బేసులు లేవు. సీ57బీఎల్/6జెఓఎల్‌ఏహెచ్‌ఎస్‌డీలోనైతే ఆల్ఫా-సిన్యూక్లీన్ జన్యువే మొత్తం పోయింది, 2001లో బయటపడింది. పార్కిన్సన్స్ పరిశోధనకు వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. "బీ6తో జతకట్టాం" అని రాస్తే చాలదు, ఏ బీ6 అన్నది రాయాలి.

కంట్రోల్‌గా బయటినుంచి కొన్న సీ57బీఎల్/6 వాడవచ్చా?

వద్దు. అదే ఈతలో పుట్టిన, అదే పంజరంలో పెరిగిన వైల్డ్‌టైప్ తోబుట్టువే కంట్రోల్. ప్రయోగం చేసేవారికి జీనోటైప్ తెలియకూడదు. గణాంకాల్లో ఈతను కూడా ఒక అంశంగా లెక్కించండి, ఒకే ఈతలోని ఐదు పిల్లలు ఐదు స్వతంత్ర నమూనాలు కావు.

ప్రవర్తన పరీక్షల్లో వింత ఫలితాలు వస్తున్నాయి. ముందు ఏం చూడాలి?

వినికిడి. డీఎఫ్1 ఎలుకల్లో మధ్యచెవి వాపు తరచుగా వస్తుంది, కొన్నింటికి ఒక్క చెవే పోతుంది. 16పీ11.2 లైన్లలో ఒకదానిలో చెవుడు నమోదైంది. శబ్దంతో భయం నేర్పే పరీక్షలో గానీ, స్టార్టిల్ (ఉలికిపాటు) పరీక్షలో గానీ ఎలుక స్పందించకపోతే జ్ఞాపకం పోయిందని రాసే ముందు ఏబీఆర్ (వినికిడి పరీక్ష) చేయించండి. తర్వాత బరువు. హెట్లు చిన్నవైతే తిండి బహుమతిగా ఇచ్చే పరీక్షలు, నీళ్లలో ఈదించే పరీక్షలు, మోతాదు లెక్కలు అన్నీ మారతాయి. 16పీ11.2 హెట్లు ఎక్కువగా కదులుతూ ఉంటాయి కాబట్టి సామాజిక ప్రవర్తన పరీక్షలో ఒక గదిలో గడిపిన సమయం కన్నా, మూతితో నిజంగా వాసన చూసిన సమయాన్ని కొలవడం నయం.

ఇలాంటి లైన్‌ను హైదరాబాద్‌కు తెప్పించుకోవాలంటే?

మీ సంస్థ సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) దగ్గర నమోదై ఉండాలి. ప్రయోగం వివరాలతో ఫారం బీ నింపి సంస్థలోని జంతు నైతిక సంఘం, అంటే ఐఏఈసీ, ఆమోదం తీసుకోవాలి. జన్యుమార్పిడి జంతువు కాబట్టి సంస్థలోని జీవభద్రతా సంఘం, అంటే ఐబీఎస్‌సీ, గడప కూడా తొక్కాలి. దిగుమతి అనుమతులు వేరే. పని మొదలుపెట్టే తేదీకి చాలా ముందే కాగితాలు కదిలించండి. సీసీఎంబీలోనూ, జాతీయ పోషకాహార సంస్థలోనూ ఎలుకల కాలనీలు నడిపిన అనుభవం ఉంది, జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రం ఉంది. విదేశానికి రాసే ముందు ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉందేమో అడగడం ఉత్తమం.

బతికున్న ఎలుకల కన్నా ఘనీభవించిన వీర్యం గానీ పిండాలు గానీ తెప్పించడం మేలు. ద్రవ నైట్రోజన్ పీల్చుకున్న డ్రై షిప్పర్‌లో వస్తాయి, ప్రయాణంలో ఎండదెబ్బ భయం లేదు, పరాయి కాలనీ క్రిములు మీ గదిలోకి రావు. ఇక్కడ పిండాలను శుభ్రమైన తల్లుల్లోకి మార్చి కాలనీ మొదలుపెట్టవచ్చు. వీర్యం తెప్పించుకుంటే ఐవీఎఫ్‌కు అండాలిచ్చే స్ట్రెయిన్ ఆ లైన్ నేపథ్యంతో సరిపోవాలి. సరిపోకపోతే మొదటి రోజే నేపథ్యం మారిపోతుంది.

ఏళ్లుగా కనిపించిన ఫినోటైప్ ఈమధ్య తగ్గిపోయింది. ఎందుకు?

మూడు కారణాలు ఈ వరుసలో చూడండి. మొదటిది తప్పు జీనోటైప్. ప్రైమర్ కొత్త బ్యాచ్ వచ్చిందా, పంజరంలో చెవి గుర్తులు తారుమారయ్యాయా? బ్రీడర్లన్నింటికీ కొత్తగా శాంపిల్ తీసి, క్యూపీసీఆర్‌తో కాపీ నంబరు కొలవండి. రెండోది నేపథ్యం. మధ్యలో ఎవరైనా వేరే సరఫరాదారు బీ6ను కలిపారా అన్నది బ్రీడింగ్ పుస్తకంలో తెలుస్తుంది, ఎస్‌ఎన్‌పీ ప్యానెల్ దాన్ని తేలుస్తుంది. మూడోది ఎంపిక. ప్రతి తరంలో బలంగా ఉన్న, ఎక్కువ పిల్లల్ని ఇచ్చే హెట్లనే బ్రీడింగ్‌కు ఉంచుతూ పోతే, డిలీషన్ ప్రభావాన్ని తగ్గించే జన్యురూపాలనే తెలియకుండా ఏరుకుంటున్నట్టు. మిశ్రమ నేపథ్యంలో ఇది త్వరగా జరుగుతుంది.

మూడూ చూసినా తేలకపోతే ఘనీభవించిన తొలి తరం వీర్యంతో కాలనీని తిరిగి మొదలుపెట్టడమే దారి. అందుకని లైన్ చేతికొచ్చిన మొదటి సంవత్సరమే, అది బాగా పనిచేస్తున్న రోజుల్లోనే, రెండు మూడు మగ హెట్ల వీర్యం భద్రపరచండి. ఒక స్ట్రా కరిగించి ఐవీఎఫ్‌లో పిండాలు వస్తున్నాయో లేదో పరీక్షించండి, స్ట్రాలను రెండు వేర్వేరు ట్యాంకుల్లో దాచండి.